నల్ల అంచు కార్డు

షార్జాలోని రోలాలో పెళ్లి కార్డులు వేసే ప్రెస్సులు రెండు ఉన్నాయి. రెండింట్లోనూ అరబ్బీ, ఇంగ్లీషు, ఉర్దూ వేస్తారు గాని తెలుగు అక్షరాలు లేవు. నేను బి.ఏ. పాసైనట్టు మనవాళ్లకు కార్డులు పంపాలని అనుకున్నప్పుడు మొదట అక్కడికే వెళ్లాను. కౌంటరులో ఉన్నాయన ఇంగ్లీషులో వేయించుకోమన్నాడు. ఆయన చెప్పిన ధర విని పాపను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుని, ఆలోచించి వస్తానని బయటపడ్డాను.

ధర ఒక్కటే కాదు. ఇంగ్లీషు కార్డు మా అక్క ఏం చేసుకుంటుంది? నిజానికి తెలుగు కార్డైనా అక్క చదవలేదు. కానీ ఎవరితోనో చదివించుకుంటుంది. చదివేవాళ్ల నోట్లోంచి నా పేరూ, పక్కన బి.ఏ. అన్న మాటా ఆమె చెవిన పడాలి. నాకు కావలసింది అంతే.

డిగ్రీ రెండో ఏడు అవుతుండగా నాకు పెళ్లయింది. షార్జా వచ్చేశాను. చివరి ఏడు పరీక్షలు రాయడానికి నెలల పాపను ఎత్తుకుని ఊరికి వెళితే, నాకు తోడుగా నిలబడింది అక్క. తన పిల్లల్ని అత్త దగ్గర వదిలి నాతో పాటు పట్నం వచ్చేది. నేను హాల్లో కూర్చుని రాస్తుంటే కాలేజీ సైకిల్ స్టాండు రేకుల కింద పాపను భుజాన వేసుకుని తిరిగేది. ఒకరోజు సగం పేపరు రాశాక కిటికీలోంచి చూస్తే రేకుల కింద అక్క లేదు. మిగతా సగం ఏం రాశానో నాకు తెలియదు. గంట కొట్టగానే పరుగెత్తాను. మైదానం అవతల, గోడ వారగా, మండే ఎండలో అక్క పాపతో అటూ ఇటూ నడుస్తోంది.

"ఏడుస్తుంటె నీకు ఇనపడొద్దని దూరం తెచ్చిన. నువ్వు రాసినవా?" అంది.

పైట తడిసిపోయి ఉంది నాకు. అక్కడే గోడకు ఆనుకుని పాపకు పాలిచ్చాను. అక్క తన కొంగుతో మా ఇద్దరికీ నీడ పట్టింది.

అందుకే పాసైన కబురు ఉత్తరంలో నాలుగు ముక్కలుగా రాయడం నాకు సరిపోలేదు. చేతిలో పట్టుకుని నలుగురికి చూపించుకునేది ఏదో పంపాలి.

కార్డు అన్న ఆలోచన వచ్చింది మా పక్క గది పిన్నిగారి వల్ల. మేముండేది మూడు గదుల ఫ్లాటులో ఒక గది. వంటిల్లు అందరిదీ. పక్క గదిలో గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఆమె, డ్రైవరు పని చేసే ఆమె భర్త ఉంటారు. నాకన్నా చాలా పెద్దది కాబట్టి పిన్నిగారూ అంటాను. ఆమె మాత్రం నన్ను 'అండీ' అనకుండా మాట్లాడదు. పగలంతా ఒక అమెరికా కుటుంబం ఇంట్లో పని చేసి చీకటి పడేవేళకు వస్తుంది. ఒకరోజు చీర కొంగులో జాగ్రత్తగా దాచి ఒక కార్డు తెచ్చింది. ఆ ఇంటి దొరసాని కూతురు వాళ్ల దేశంలో కాలేజీ చదువు పూర్తి చేసిందట. ఆ మాట చెబుతూ చుట్టాలందరికీ కార్డులు పంపుకున్నారట.

"పెళ్లీ కాదు, పేరంటమూ కాదండీ. రమ్మని కూడా కాదంట. ఊరికే చెప్పడమేనంట. భోజనాలు కూడా లేవండీ, ఆయ్" అని నవ్వింది.

మందపాటి మీగడ రంగు కాగితం. వేలితో తడిమితే తగిలే ఉబ్బెత్తు నల్ల అక్షరాలు. చుట్టూ సన్నని నల్ల గీత. నేను దాన్ని పిన్నిగారికి వెంటనే తిరిగి ఇవ్వలేకపోయాను.

మా ఆయన దుబాయ్ వైపు అల్ ఖూజ్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. రోజంతా గోడలూ మెట్లూ గీస్తాడు. ప్రెస్సు ధర చెప్పగానే నవ్వి, "కాయితం నా దగ్గర ఉన్నది, గీసుడు నాకొచ్చు, రాసుడు నీకొచ్చు. ఇంక ప్రెస్సెందుకు?" అన్నాడు. డ్రాయింగు షీట్లు కత్తిరించగా మిగిలే పట్టీలను ముదీర్, అంటే వాళ్ల మేనేజరు, పారేయమంటాడట. వాటిని చుట్ట చుట్టి తెచ్చాడు. గీతలు గీసే ఉక్కు పెన్నూ, సీసాలో అడుగున మిగిలిన ఇంకూ తెచ్చాడు. ఇంకు నల్లదే. రంగుల ఇంకులు బీరువాలో ఉంటాయట, తాళం ముదీర్ జేబులో.

గది మధ్య చాప మీద పాత పేపర్లు పరిచి కూర్చున్నాం. బ్లేడుతో కోస్తే అంచులు తిన్నగా రాలేదు. స్కేలు జారేది. పాప వచ్చి స్కేలు చివర పట్టుకునేది. అమెరికా కార్డును ముందు పెట్టుకుని ఆయన సన్నని గీత గీస్తే, కోతలో ఉన్న వంకర ఇంకా బాగా కనిపించింది. గీత పక్కనే ఇంకో గీత గీశాడు. రెండింటి మధ్య ఇంకు నింపాడు. ఇప్పుడు అంచు అగ్గిపుల్ల మందాన అయింది. వంకర కనిపించలేదు. తన తెలివికి తనే మురిసిపోయి అన్నింటికీ అలాగే వేశాడు.

అక్షరాలు నేను రాశాను. మా గది కిటికీ ఏసీ నీళ్లు కార్చడం తప్ప పెద్దగా చల్లబరచదు. వేసవి తేమకు కాగితం మెత్తబడి ఇంకు పాకేది. ఒక్కో కార్డు రాసి ఫ్యాను కింద ఆరబెట్టి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా చింతగింజలు పెట్టేదాన్ని. గింజలు పాప నోట్లో పెట్టుకుంటుందని మళ్లీ భయం. లేచి చూడటం, కూర్చోవడం, మళ్లీ లేవడం. అసలు ఆ రోజుల్లో నేను ఏ పనీ ఒక్క దమ్మున చేసినట్టు గుర్తు లేదు.

పైన ఏదైనా బొమ్మ ఉంటే బాగుంటుందనిపించింది. ఆలుగడ్డను అడ్డంగా కోసి, చాకు మొనతో చిన్న దీపం చెక్కాను. చదువంటే దీపం కదా అనుకున్నాను. ఇంకులో అద్ది ప్రతి కార్డు నెత్తినా ఒత్తాను. మొదటిది పూర్తి కాగానే కింద చిన్న అక్షరాల్లో, 'పరీక్ష రాసిన రోజుల్లో నా బిడ్డను ఎండలో మోసిన మా అక్కకు మొదటి కార్డు' అని రాశాను. కుంకుమ, పసుపు ఏమీ పెట్టలేదు. అవి పెళ్లి శుభలేఖలకు అనుకున్నాను. తెల్లటి కాగితం మీద పసుపు మరక అవుతుందని కూడా అనుకున్నట్టున్నాను.

అమెరికా కార్డు పక్కన మాది పెట్టి చూసుకున్నాం. మాదే బాగుందని ఇద్దరికీ అనిపించింది.

మిగతా కార్డులు ఎవరైనా ఊరికి వెళ్లేటప్పుడు ఇచ్చి పంపితే స్టాంపుల ఖర్చు తప్పుతుంది. అక్కది మాత్రం ఆగనివ్వలేదు నేను. మరునాడే పాపను ఎత్తుకుని పోస్టాఫీసుకు వెళ్లి ఎయిర్‌మెయిల్‌లో వేసి వచ్చాను. ఆ రోజంతా ఎంత తేలికగా ఉందో.

ఆ మరునాడు సాయంత్రం పిన్నిగారు పని నుంచి రాగానే ఆమె కార్డు ఆమెకు ఇచ్చాను. ఆమె చేతులు తుడుచుకుని అందుకుంది. కూర్చోబోతున్నదల్లా ఆగిపోయింది. గొంతు బాగా తగ్గించి అడిగింది.

"ఎవరండీ పోయింది?"

వేళాకోళం అనుకున్నాను. నేను పాసైన కార్డు అని చెప్పాను. ఆమెకు చదువు రాదు. కార్డును మళ్లీ చూసి, నా మొహం చూసి, తలుపు దగ్గరగా వేసింది.

"నల్ల అంచు, నెత్తిన దీపం. మా ఊళ్లో పెద్దకర్మ కార్డులు అచ్చం ఇలాగే ఉంటాయండీ."

మీరు తెచ్చిన కార్డుకూ నల్ల గీత ఉంది కదా అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

"వాళ్లది వేరండీ. ఇంగ్లీషుకి ఏ గీతైనా చెల్లిపోద్ది. తెలుగు రాసిన కాగితానికి చుట్టూ నలుపు కడితే, చదువు రానోళ్లం మేం ఇంకేం అనుకుంటామండీ?"

అప్పుడు చూశాను కార్డును. ఎన్నో రోజులుగా చేతుల్లో తిప్పిన కార్డే. అక్షరాల మీద నుంచి చూపు తీసేసి చూస్తే, అది మా ఊళ్లలో దినాల కార్డు. ఆ నల్లటి దీపం మనిషిని పడుకోబెట్టి తల దగ్గర పెట్టే దీపం.

అక్క చదవలేదు. అంచు చూస్తుంది, దీపం చూస్తుంది. పైన దుబాయ్ స్టాంపు చూస్తుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. అక్క భర్త, మా బావ, ఈ దేశంలోనే ఉన్నాడు. సజ్జా వైపు సిమెంటు ఇటుకలు పోసే ఫ్యాక్టరీలో పని. అక్కడే క్యాంపులో ఉంటాడు. రెండేళ్లుగా ఊరికి వెళ్లలేదు. అక్క ఉన్న ఊళ్లో సగం ఇళ్లలో మగవాళ్లు ఇలాగే గల్ఫ్‌లో ఉన్నారు. ఆ ఇళ్లకు ఇక్కడి నుంచి నల్లటి కబురు వచ్చిందంటే దానికి ఒకే అర్థం.

మా ఆయన ఇంటికి రాగానే కార్డు ఆయన చేతిలో పెట్టి, చదవొద్దు, ఊరికే చూడు అన్నాను. డ్రాయింగు చూసినట్టు దూరంగా పట్టుకుని చూశాడు.

"డ్రాయింగుకు బార్డరు ఉంటది గదా" అన్నాడు. కాసేపయ్యాక మంచం మీద కూర్చుని, "మా నాయిన పోయినప్పుడు కార్డులు నేనే వేయించిన. గిట్లనే ఉండె" అన్నాడు.

ఆ తర్వాత మేమిద్దరం అన్నం ముందు కూర్చున్నాం గాని తిన్నది పాప ఒక్కతే.

తంతి ఇద్దామా అన్నాడాయన. వద్దన్నాను. మా వైపు తంతి అంటే చావే. పోస్టుమన్ తంతి తెచ్చాడంటే చదవకముందే ఏడుపులు మొదలవుతాయి. ఫోను చేద్దామంటే ఆ ఊరికంతా ఒక్కటే ఫోను, సర్పంచి ఇంట్లో. ట్రంకాల్ దొరికినా, 'నీకు దుబాయ్ నుంచి ఫోనొచ్చింది, రమ్మంటున్నరు' అని మనిషిని పంపితే, ఆ దారంతా అక్క ఏమని నడుస్తుంది? ఉత్తరం రాద్దామంటే ఆ కార్డు వెనకే వెళ్తుంది తప్ప ముందు వెళ్లదు. మంచి కబురు తొందరగా చెప్పే దారి మాకు ఒక్కటీ లేదని ఆ రోజే తెలిసింది. తొందరగా వెళ్లేవన్నీ చెడ్డ కబురుకే కేటాయించి పెట్టుకున్నాం.

పొద్దున్నే పోస్టాఫీసుకు పరుగెత్తాను. కౌంటరులో ఉన్న మలయాళీ ఆయన నేను చెప్పిందంతా ఓపికగా విని, సంచి ఎయిర్‌పోర్టుకు వెళ్లిపోయిందని చెప్పాడు. ఇంకా నిలబడి ఉంటే జాలిగా, "ఖలాస్, బెహన్. గయా" అన్నాడు.

బావ శుక్రవారం శుక్రవారం మా గదికి భోజనానికి వస్తాడు. ఆ వారం ఓవర్‌టైము ఉంది, రానని ముందే చెప్పాడు. శుక్రవారం వరకు ఎలా గడిపానో చెప్పలేను. ఎయిర్‌మెయిల్ ఒక్కోసారి పది రోజులు పడుతుంది, ఒక్కోసారి వారంలోనే చేరుతుంది. మంచి ఉత్తరాలకు ఆలస్యం అవుతుందని తిట్టుకున్నదాన్ని, ఇప్పుడు ఆలస్యం కావాలని మొక్కుకున్నాను. పాపకు స్నానం చేయిస్తుంటే అక్క కవరు చింపుతున్నట్టు కనిపించేది. పోపు వేస్తుంటే కనిపించేది. చింపే చేతులు కనిపించేవి, మొహం కనిపించేది కాదు. ఒకసారి చెంబుతో నీళ్లు పోస్తూ పోస్తూ ఆగిపోయాను. పాప ఏడ్చేదాకా తెలియలేదు.

శుక్రవారం టాక్సీ మాట్లాడుకుని ముగ్గురం సజ్జా వెళ్లాం. బయటి గాలికి బూడిద రంగు దుమ్ము లేస్తోంది. క్యాంపు వాకిట్లో వాచ్‌మన్ చంకలో పిల్లతో వచ్చిన ఆడమనిషిని చూసి కంగారుపడి, ఎవరికేమైందని అడిగాడు. ఎవరికీ ఏమీ కాలేదని చెప్పాను. చెబుతుంటే నాకే నమ్మకం కుదరలేదు. మధ్యాహ్నం పని అయిపోయి బావ అప్పుడే వచ్చి కుళాయి దగ్గర అంగీలకు సబ్బు పెడుతున్నాడు. మమ్మల్ని చూసి ఆయన మొహమూ అలాగే అయింది. ఆ చుట్టుపక్కల ఎవరినీ ఊరికే చూడటానికి ఎవరూ రారు.

గదిలో అటు మూడు, ఇటు మూడు రెండంతస్తుల మంచాలు. కింది మంచం మీద మాకు చోటిచ్చారు. నేను తెచ్చిన కార్డు బావకు చూపించి జరిగింది చెప్పాను. కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు.

"అయితే మీ అక్క లెక్కల నేను సచ్చిపోయిన."

పై మంచం మీద పడుకున్న ఒకతను లేవకుండానే అందుకున్నాడు. "దినాలు ఈడ జేస్తరా, ఊర్లె జేస్తరా? ఈడనైతే కోడికూర నా వంతు."

"ముందుగాల నాకు ఇయ్యాల్సిన గ్లాసు ఇచ్చి సావుమను" అన్నాడు ఇంకొకతను. గదిలో అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. ఆయన నవ్వు అందరికన్నా ముందు ఆగిపోయింది. చేతుల మీద సబ్బు నురగ ఆరి తెల్లటి గీతలు పడ్డాయి.

"అది ఏడ్వది పిల్లా. ఏడిస్తె మంచిగుండు. గోడకు ఒరిగి కూసుంటది, అంతే" అన్నాడు.

అప్పుడు చూశాను, గది మూలన తాళ్లతో బిగించి కట్టిన పెద్ద పెట్టె. దాని మీద పెద్ద అక్షరాలతో బొంబాయి అని రాసి ఉంది. ఎవరిదని అడిగితే ఎదురు మంచం మీద ఆయనదన్నారు. రేపు పొద్దున విమానం. బొంబాయిలో దిగి, అక్కడి నుంచి మా వైపు వచ్చే బస్సు ఎక్కుతాడు. రెండేళ్లకు వెళ్తున్నాడు. ఆయన వచ్చేశాక పుట్టిన కొడుకును ఇంతవరకు చూడలేదు. ఫోటో దిండు కింద ఉంది.

నేను అడగకముందే ఆయనకు అర్థమైంది. తల గోక్కున్నాడు.

"చెల్లె, మా ఊరు ముందుగాల వస్తది. మీ అక్కోళ్ల ఊరు ఆ రోడ్డుకే ఇంకా అవతల. మా ఊరి కాడ బస్సు ఆగినప్పుడు నా కొడుకు ఆడ నిలబడి ఉంటడు. నేను కిటికీల కెళ్లి వాన్ని సూసుకుంట అట్లనే పోవాల్నా?"

నేను ఆయనను అడుగుతున్నది అదే. పాప నా ఒళ్లోంచి దిగి ఆయన పెట్టె తాడు పట్టుకుని నిలబడింది. దిగన్నా, అన్నాను చివరికి. దిగి నీ కొడుకును ఎత్తుకో. అన్నం తిను. ఆ తర్వాత, ఆ రోజే, ఏదో వేళకు అక్క దగ్గరికి పో. కార్డు వచ్చినా రాకున్నా పో. పోయి, బావ బాగున్నాడన్న మాట వాకిట్లోంచే చెప్పు.

"సూద్దాం తియ్యి" అన్నాడు.

బావ ఆయన్ను బతిమాలలేదు. లేచి టేప్ రికార్డరు తెచ్చి ఖాళీ క్యాసెట్ వేశాడు. ఉత్తరాలు రాయడం రానివాళ్లు అలాగే మాటలు నింపి పంపుతారు. పోయినేడు అక్కకు కూడా ఒక టేప్ రికార్డరు పంపాడు. బటన్ నొక్కాక గదిలో పదకొండు మంది మగవాళ్ల మధ్య, మరదలి ముందు, ఆయనకు ఏం చెప్పాలో తోచలేదు. గొంతు సవరించుకున్నాడు. బర్రె ఈనిందా అని అడిగాడు. పెద్దోడు బడికి పోతున్నాడా, ఇంటి వెనక కప్పు నేయించావా అని అడిగాడు. చెల్లె పాసైంది, కార్డు సంగతి పట్టించుకోకు అన్నాడు. బటన్ ఆపేయబోతూ మళ్లీ దగ్గరికి వంగి, "నేను ఉన్ననే" అని మెల్లగా అన్నాడు.

పై మంచం మీద అతను ఈసారి కిందికి దిగి, క్యాసెట్ తీసి ఊరికి వెళ్లే ఆయన చేతిలో పెట్టాడు.

ఆ తర్వాత ఏమీ తెలియదు. కార్డు చేరిందో లేదో తెలియదు. ఊరికి పోయిన ఆయన అక్క దగ్గరికి వెళ్లాడో లేదో తెలియదు. ఎవరి 'సూద్దాం' ఏమవుతుందో ఎవరు చెప్పగలరు? రెండేళ్లకు ఇల్లు చేరిన మనిషిని చుట్టాలు వదులుతారా? పెట్టె విప్పమంటారు, సెంటు సీసాలు పంచమంటారు. నేనైనా ఏం చేసేదాన్ని? మిగిలిన కార్డులను బీరువా పైన బోర్లించి పెట్టాను. మా ఆయన గీతలన్నీ కోసేద్దామన్నాడు. అక్క సంగతి తెలిసేదాకా వాటి మీద బ్లేడు పెట్టొద్దన్నాను. ఎందుకలా అన్నానో నాకూ తెలియదు. ఆ వారాల్లో వేరే మాటలు కూడా చాలా అన్నాను, ఆయన వాటికి బదులివ్వకపోవడమే మంచిదయింది.

మూడు వారాలు దాటాక, ఊరి నుంచి తిరిగి వచ్చిన ఇంకెవరో బావకు ఒక పొట్లం తెచ్చి ఇచ్చారు. మామిడి తొక్కు, మొక్కజొన్న పేలాలు, అదే క్యాసెట్. బావ దాన్ని క్యాంపులో వేయలేదు. శుక్రవారం దాకా జేబులో పెట్టుకుని తిరిగి, టేప్ రికార్డరుతో పాటు మా గదికి తెచ్చాడు. అన్నం పెట్టాను గాని ముందు క్యాసెట్ అన్నాడు. పిన్నిగారు గుమ్మం దగ్గర నిలబడింది.

మొదట కోళ్ల చప్పుడు. తర్వాత అక్క.

"ఏమే బి.ఏ."

ఆ ఒక్క మాటకు నేను పాపను గట్టిగా పట్టేసుకున్నాను.

అక్క చెప్పిందిది. కార్డు ఒక పొద్దున వచ్చింది. వాకిట్లోనే కవరు చింపింది. చూసింది. పోస్టుమన్ సైకిలెక్కి వెళ్లిపోయాడు. మా వైపు చావు కబురు కాగితాన్ని గడప దాటించరు. చూరులో దోపి ఉంచి, చదివించుకున్నాక చింపేస్తారు. అక్క దాన్ని చూరులో దోపింది. కానీ చదివించలేదు. బడి పంతులు దారిలోనే పోతుంటే పిలవలేదు. అత్త చూసి గుండె బాదుకుని, పంతుల్ని పిలవమంది, బొట్టు తీయమంది. అక్క రెండూ చేయలేదు.

"సదివిస్తె అయిపోతది గదనే. సదివియ్యకుంటె ఇంకా ఉన్నట్టే గద. ఆ దినమంత, ఆ రాత్రంత ఉన్నడు నాకు."

తర్వాత క్యాసెట్‌లో దూరంగా ఎవరో బర్రెను అదిలిస్తున్న చప్పుడు.

మరునాడు ఎండ తలకెక్కే వేళకు ఎవరో మనిషి సైకిల్ మీద వచ్చాడట. కొత్త అంగీ, చేతికి కొత్త వాచీ, సైకిల్ ముందు రాడ్డు మీద ఏడుస్తున్న ఒక పిల్లవాడు. కొడుకును దింపితే మళ్లీ తన దగ్గరికి రాడేమోనని భయపడి, వాణ్ని కూడా ఎక్కించుకుని వచ్చాడట ఆయన. సైకిల్ దిగకుండానే వాకిట్లోంచి అరిచాడు, మీ ఆయన మంచిగున్నడని. అక్క లేచి ఆ పిల్లవాణ్ని ఎత్తుకుని, పొయ్యి ముట్టించి, వాడికి బువ్వ పెట్టిందట. ఆ తర్వాత చూరులోంచి కార్డు తీసి ఆయనకే ఇచ్చి చదవమంది. ఆయన కూడబలుక్కుని చదివాడు.

"నా సంగతి గూడ రాసినవట గద. ఎండల తిరిగినట్టు. అది ఇంకోసారి సదివించుకున్న" అంది అక్క. అని, గొంతు మార్చి తిట్టడం మొదలుపెట్టింది. అంత చదువు చదివి ఇంత పసుపు దొరకలేదా అంది. ఆ దేశంలో పసుపు అమ్మరా అంది. బావను కూడా కలిపి తిట్టింది, డబ్బులు పంపకుండా కప్పు నేయించావా అని అడిగినందుకు.

చివర్లో, "ఇగ మీదట ఏ కవరు పంపినా మీద పసుపు పెట్టి పంపు. నీదైనా, ఆయనదైనా. పసుపు ఉంటె ఇంట్లకు తెచ్చుకుంట. లేకుంటె సూరులనే పెడత" అంది. బటన్ నొక్కిన చప్పుడు.

బావ అన్నం ముందుకు లాక్కున్నాడు. నాలుగు ముద్దలు తిన్నాక, ఎడమ చేత్తో టేపు వెనక్కి తిప్పి, రాత్రంత ఉన్నడు అన్న దగ్గర మళ్లీ విన్నాడు. మా ఆయన లేచి వంటింట్లోకి వెళ్లి అవసరం లేకున్నా నీళ్లు తెచ్చాడు. పిన్నిగారు కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "మంచి గట్టిమనిషండీ మీ అక్కగారు" అంది. బావ తల ఊపి, పప్పులో ఉప్పు తక్కువైందన్నాడు.

ఆ సాయంత్రం మిగిలిన కార్డుల అంచులన్నీ కోసేశాం. దీపాలు కూడా పోయాయి. కార్డులు చిన్నవై, వంకరగా, అక్షరాలు చివరల్ని తాకుతూ తయారయ్యాయి. నాలుగు మూలలా పసుపు పెట్టాను. పిన్నిగారు తనది అడిగి తీసుకుని దేవుడి పటం వెనక దోపుకుంది.

ఇదంతా జరిగి ఏడాది దాటింది. అప్పటి నుంచి అక్కకు వెళ్లే ప్రతి కవరు మీద, బావ తరఫున వెళ్లే ప్రతి కవరు మీద పసుపు పెట్టే పని నాదే. అది విని క్యాంపులో మిగతావాళ్లు కూడా తమ కవర్లు బావ చేత నా దగ్గరికి పంపిస్తున్నారు. పోస్టాఫీసులో మలయాళీ ఆయన నా కవర్లను రెండు వేళ్ల కొసలతో పట్టుకుంటాడు.

ఇవాళ పొద్దున అక్కకు ఒక కవరు వేశాను. పాప జ్వరం తగ్గిందని, బావకు జీతం పెరిగిందని రాశాను. వేసి వచ్చాక పాప మందు, వంట, బట్టలు. పాప పడుకున్నాక కూర్చుంటే గుర్తొచ్చింది. కవరు అంటించడం గుర్తుంది. స్టాంపు తడపడం గుర్తుంది. పసుపు పెట్టడం గుర్తు రావడం లేదు.

మా ఆయనను లేపి అడిగాను. "పెట్టినవ్, నేను సూసిన, పడుకో" అన్నాడు. కానీ నేను కవరు అంటించేసరికే ఆయన కంపెనీ బస్సు వెళ్లిపోయింది.

లైటు కింద చేయి పెట్టి చూసుకున్నాను. వేళ్ల కొసలకు పసుపు ఉంది. కానీ మధ్యాహ్నం పప్పులో పసుపు వేసిందీ ఈ చేత్తోనే. అందుకే నిద్ర పట్టక ఇదంతా రాస్తూ కూర్చున్నాను. పక్కన ఇంకో కవరు తీసి పెట్టుకున్నాను. లోపల ఏం రాయాలో ఇంకా తెలియదు. ముందు మూలలకు పసుపు పెట్టాను. అది ఆరుతోంది.